వాన లెక్క రాసే గూడెం: అనంతగిరి కాఫీ తోటల్లో అయిదు రోజులు

మొదటి రోజు

విశాఖలో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కితే శృంగవరపుకోట దాకా అది మామూలు రైలే. బొడ్డవర దాటాక కొండ పట్టుకుంటుంది. ఒక సొరంగంలోంచి బయటపడి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకోటి. అరకు చేరేలోపు మొత్తం 58 అంటారు. బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని సముద్రానికి దింపడానికి 1960ల్లో వేసిన దారి ఇది. బొర్రా గుహల స్టేషన్‌లో సగం బోగీ దిగిపోయింది. నేను శిమిలిగుడలో దిగాను. అక్కడి ఎత్తు సముద్రమట్టానికి 996 మీటర్లు.

ఈ ఎత్తు గురించి ముందే కొంచెం చెప్పాలి. అరబికా కాఫీ చల్లదనం కోరుకునే మొక్క. కర్ణాటకలో బాబాబుడన్ కొండల మీద తోటలు ఇంకా చాలా పైకి వెళ్తాయి. మన తూర్పు కనుమల్లో ఎక్కువ తోటలు తొమ్మిది వందల నుంచి పదకొండు వందల మీటర్ల మధ్యే ఉన్నాయి. అంటే అరబికా బతకగల మెట్లలో కింది మెట్టు మీద ఉన్నాయన్నమాట. వేడి పెరిగితే కాఫీ పైకి జరగాలని పుస్తకాలు చెబుతాయి. ఇక్కడ పైకి జరుగుదామంటే పైనున్నది రిజర్వు అడవి. అందుకని తోట ఎక్కడున్నది అక్కడే నిలబడి తట్టుకోవాలి. ఆ తట్టుకునే పని ఎవరు చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు అన్నది చూద్దామనే అయిదు రోజుల సెలవు పెట్టి వచ్చాను. 2025 డిసెంబర్ మొదటి వారం. పళ్లు ఏరే కాలం.

కాఫీ రైతులతో పనిచేసే ఒక తమ్ముడు స్టేషన్ బయట జీపుతో నిలబడ్డాడు. ముప్పావుగంట ఘాటు రోడ్డు, ఆ తర్వాత మట్టి దారి. గూడెంలో నలభై ఇళ్లుంటాయి. కొండదొరలు ఎక్కువ, కొన్ని కోటియా కుటుంబాలు. నేను దిగిన ఇంటి ఆవిడను అప్పా అని పిలిచాను, వయసులో నాకంటే పెద్దది. ఆవిడ నన్ను ‘ఒలమ్మా, సలికి నల్లబడిపోనావు, రా’ అని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి బెల్లం వేసిన నల్ల కాఫీ ఇచ్చింది. పాతికేళ్ల కింద ఈ కొండల్లో తిరిగినప్పుడు కాఫీ పండించే ఇళ్లలో కాఫీ తాగేవాళ్లు నాకు కనబడలేదు. పండు పండుగానే కిందికి వెళ్లిపోయేది. ఇప్పుడు మూకుట్లో వేయించి రోట్లో దంచుకుంటున్నారు.

సాయంత్రం బడి గోడ పక్కన ఒక వస్తువు చూశాను. పైభాగం కోసి తలకిందులుగా గరాటులా దోపిన ప్లాస్టిక్ సీసా, దానికి అంటించిన స్కేలు బద్ద, చుట్టూ మూడు రాళ్లు. వాన కొలిచే సాధనం. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి పుస్తకంలో రాస్తుంది. వాతావరణ శాఖ వాళ్లు లెక్క తీసే వేళ కూడా అదే. పుస్తకంలో గళ్లు గీసి ఉన్నాయి: తేదీ, వాన, మొగ్గ, పూత, పండు. మండల కేంద్రంలో యంత్రం లేదా అని అడిగాను. ‘ఉంది. కొండకి ఆ పక్క పడిన వాన ఈ పక్క పడదు కదండీ’ అంది.

రెండో రోజు

ఏడింటికల్లా తోటలో ఉన్నాం. పొగమంచు ఇంకా లేవలేదు. ఈ రోజు అప్ప తోటలో పదిమంది, రేపు ఆ పదిమందిలో ఒకరి తోటలో అప్ప. కూలి డబ్బు చేతులు మారదు, రోజులే మారతాయి.

పండు ఏరడం చూడడానికి సులువు. మూడు వేళ్లతో పట్టుకుని కొంచెం తిప్పితే తొడిమ కొమ్మకే ఉండి పండు చేతిలోకి వస్తుంది. లాగితే తొడిమ ఊడొస్తుంది, కొమ్మ దెబ్బతింటుంది. ఒకే గుత్తిలో ఎర్రనివి నాలుగు, పసుపువి రెండు, పచ్చివి అయిదు. ఎర్రనివే ఏరాలి. అంటే ఇదే చెట్టు దగ్గరికి మళ్లీ రావాలి, ఆ పైన మళ్లీ. ‘నా చిన్నప్పుడు రెండుసార్లు ఏరితే అయిపోయేది. ఇప్పుడు నాలుగు. అయిదు కూడా’ అంది అప్ప. కారణం అడగకుండానే చెప్పింది: ‘వానలు ఎప్పుడంటే అప్పుడు పడతన్నాయి కదా. పూత ముక్కలు ముక్కలుగా వచ్చినాది.’

ఆ మాట వెనక మొక్క స్వభావం మొత్తం ఉంది. వానాకాలం పోయాక కొమ్మ మీద మొగ్గ కడుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎండు వాతావరణంలో నిద్రపోతుంది. ఆ నిద్ర దానికి అవసరం. మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఒక గట్టి వాన, ఇక్కడి వాళ్లు పూత వాన అంటారు, పడిన తొమ్మిది పది రోజులకు కొండంతా ఒక్కసారి తెల్లబడుతుంది. మల్లెపూల వాసన. రెండు మూడు రోజులుండి రాలిపోతుంది. ఆ తర్వాత మూడు వారాల లోపల ఇంకో వాన పడితే పిందె నిలబడుతుంది. ఈ వరసలో ఎక్కడ తేడా వచ్చినా తిప్పలే. పూత వాన చాలీచాలకుండా పడితే మొగ్గ సగం విచ్చి ఎండకు మాడిపోతుంది. శీతాకాలంలో వాన పడితే కొన్ని మొగ్గలు ముందే లేచి కూర్చుంటాయి, ఒకే చెట్టు మీద మూడు వయసుల కాయ ఉంటుంది. పూత చెదిరితే కోత చెదురుతుంది. కోత చెదిరితే ఆ ఇంటి ఆడవాళ్లకు రెండు నెలల పని నాలుగు నెలలవుతుంది. వాతావరణ మార్పు గురించి రాసే వ్యాసాల్లో దిగుబడి ఎంత తగ్గుతుందో రాస్తారు. ఈ నాలుగు నెలల నడుము నొప్పి గురించి కూడా రాయాలి.

మధ్యాహ్నం చోడి అంబలి తాగుతుండగా అప్ప ఒక్కో బుట్టలోంచి గుప్పెడు పళ్లు తీసి వేళ్ల మధ్య తిప్పుతూ చూడడం గమనించాను. పండు బొడ్డు దగ్గర సూదిమొన అంత చిల్లు ఉందేమోనని. కాయ తొలుచు పురుగు ఆనవాలు అది. కర్ణాటక, కేరళ తోటల్లో దశాబ్దాలుగా ఉన్న ఆ పురుగు 2025 ఆగస్టులో అరకు తోటల్లో కనబడింది. నువ్వుగింజంత నల్లని పెంకుపురుగు. ఆడది కాయలోకి తొలుచుకుపోయి గింజలోనే గుడ్లు పెడుతుంది. కాయలోపలే పిల్లలు, కాయలోపలే తిండి. పైనుంచి మందు కొట్టినా లోపలికి పోదు. పురుగు కనబడిన తోటల్లో కాయంతా దూసి, మరిగే నీళ్లలో వేసి పాతిపెట్టారు. ఏడాది కష్టం అలా గోతిలోకి వెళ్లడం చూసిన బంధువులు ఈ గూడెంలో ఉన్నారు. వాళ్లు వచ్చి చెప్పాక ఊరంతా కూర్చుని కట్టుబాట్లు పెట్టుకుంది. బయటి గోనె సంచి ఊళ్లోకి తేవద్దు. తెస్తే మరిగే నీళ్లలో ముంచాలి. చెట్టు మీద కాయ వదలొద్దు, నేల మీద రాలింది వదలొద్దు. ఎవరి తోటలో చిల్లు కాయ కనబడినా దాచకుండా చెప్పాలి. చెప్పిన వాళ్ల తోటలో ఊరంతా వెళ్లి సాయం చేయాలి.

ఆ ఆఖరి కట్టుబాటు నాకు చాలా విలువైనదిగా అనిపించింది. భయం ఉన్నచోట మనిషి దాస్తాడు. పురుగు బతికేది అక్కడే.

రాత్రి పదకొండింటికి ఎవరో కేక వేశారు. చినుకులు. కళ్లంలో మూడు ఇళ్ల పార్చ్‌మెంటు ఆరుతోంది. తొక్క తీసి, పులియబెట్టి, కడిగిన గింజ అది. తడిస్తే బూజు పట్టి, కప్పులో మట్టి వాసన వస్తుంది. చేతిదీపాలు, సెల్‌ఫోన్ వెలుగులు, బరకాల చప్పుడు. ఎవరి గింజ ఎవరిదని ఎవరూ చూడలేదు. నేనూ ఒక కొస పట్టుకున్నాను. పావుగంటలో అంతా కప్పేశాం. అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానలకు ముందే పండిన పండు నేల రాలిందట. మిగిలింది కాపాడుకోవాలన్న పట్టుదల ఆ పరుగులో కనబడింది.

మూడో రోజు

ఎనిమిదిన్నరకు నేను కూడా సీసా దగ్గరికి వెళ్లాను. పిల్ల మోకాళ్ల మీద వంగి, కంటికి నీటి మట్టం సమానంగా పెట్టి చూసింది. ‘ఆరు’ అంది. ఆరు మిల్లీమీటర్లు. రాసింది. పక్క గడిలో ‘కళ్లం తడవలేదు’ అని కూడా రాసింది, అది ఆ గళ్లలో లేని సంగతి.

ఈ పుస్తకం వల్ల ఏం మారిందని తమ్ముడిని అడిగాను. తను జవాబు చెప్పకుండా కొండవాలు మీదికి ఒక తాత దగ్గరికి తీసుకెళ్లాడు. తాత కొబ్బరి పీచుతో ఒక కాఫీ మొక్క కాండాన్ని రుద్దుతున్నాడు. వదులుగా ఉన్న బెరడు పొడిపొడిగా రాలుతోంది. కింద లేత గోధుమరంగు నున్నటి చర్మం తేలుతోంది. ‘ఈ పగుళ్లలోనే గుడ్డు పెడతాది’ అన్నాడు.

ఇది వేరే పురుగు. తెల్ల కాండం తొలుచు పురుగు, అరబికాకు పాత శత్రువు. వేసవి మొదట్లో ఒకసారి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకోసారి ఎగురుతుంది. దానికి వెలుతురు, వేడి ఇష్టం. ఎండ తగిలే కాండం ఎంచుకుంటుంది. పిల్ల పురుగు లోపల నెలల తరబడి సొరంగాలు తవ్వుతుంది. పైకి కాండం మీద గట్లు గట్లుగా ఉబ్బి కనబడుతుంది, ఆకు పసుపుబారుతుంది. అప్పటికి ఆలస్యమైపోయినట్టే. పీకి కాల్చాలి.

తాత రుద్దడం ఆపి పైకి చూపించాడు. ‘కొమ్మలు ఎప్పుడు కొడతామో తెలుసా తల్లీ? పళ్లు అయిపోగానే కొట్టీసేవోళ్లం. కట్టెలకి కట్టెలు, తోటకి గాలి.’ అంటే ఫిబ్రవరిలో నీడ చెట్ల కొమ్మలు నరికేవాళ్లు. ఆ వెంటనే మార్చి ఎండ సూటిగా కాండాల మీద పడేది, ఏప్రిల్‌లో పురుగు ఎగిరేది. వానలు నమ్మకంగా వచ్చే రోజుల్లో అది చెల్లింది. మూడేళ్ల పుస్తకం ముందేసుకుని చూస్తే వేసవి వాన ఏ ఏడూ ఒకే వేళకు రాలేదని, ఒక ఏడాది ఏప్రిల్ దాకా చినుకే లేదని తేలింది. ఇప్పుడు కొమ్మలు కొట్టేది తొలకరి దగ్గర పడ్డాకే. కాఫీ శాస్త్రజ్ఞులు మొదటినుంచీ చెప్పేది ఇదే. మరి ఇన్నాళ్లూ ఎందుకు వినలేదు?

తాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ‘ఆళ్లు చెప్పినప్పుడు ఆళ్ల మాట. ఈ పుస్తకం మా మనవరాలు రాసినాది.’

ఆ వాలు మీద పడిపోయిన మొద్దులు ఇంకా ఉన్నాయి, నాచు పట్టి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటి ఈ కొండల మీదికి వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్లు వరసగా కూలాయి. అది ఆస్ట్రేలియా చెట్టు. తొందరగా, నిటారుగా పెరుగుతుంది, మిరియాల పాదు పాకించడానికి బాగుంటుంది, కలప ధర పలుకుతుంది. అందుకే తోటల పథకాలన్నీ దాన్నే పంచాయి. కూలుతూ కూలుతూ కింద ఉన్న కాఫీని నలిపేశాయి. నలగని కాఫీకి నీడ పోయింది. ‘మూడేళ్లు తోట ఎండలో నిలబడ్డాది’ అన్నాడు తాత. ఆ మూడేళ్లలో పురుగు ఎంత తిన్నదో వేరే చెప్పక్కర్లేదు. అదే వాలు మీద పోడు కొట్టిన రోజుల్లో నరక్కుండా వదిలేసిన పనస, నేరేడు కొమ్మలు విరిగినా మొదలు నిలబడ్డాయి. తాటిలాంటి జీలుగు చెట్లు కూడా నిలబడ్డాయి.

‘మరి అప్పట్లో మీరే పనసలు నాటుకోవచ్చు కదా తాతా?’

‘పట్టా లేని బూమిలో చెట్టు ఎవుడి కోసం నాటతాం?’

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఆ చట్టం కింద పోడు భూమికి పట్టా వచ్చాకే తను పనస మొక్కలు పెట్టానన్నాడు. పనస కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు ఆ నేల తనదేనన్న నమ్మకం కాగితం మీద ఉంటే తప్ప మనిషి ఆ మొక్క పెట్టడు. వాతావరణాన్ని తట్టుకోవడానికి మొదటి మందు భూమి పట్టా అని ఆ వాలు మీద కూర్చుని గట్టిగా అనుకున్నాను, ఇప్పటికీ అదే అంటాను.

థింసా ఆడిస్తాం, చూస్తారా అని సాయంత్రం ఎవరో అడిగారు. వద్దన్నాను. పొద్దుటి నుంచి పళ్లు ఏరిన కాళ్లవి.

నాలుగో రోజు

ఈ రోజంతా ప్రయాణమే. తమ్ముడు చింతపల్లి వైపు పని మీద వెళ్తుంటే తోడు వెళ్లాను. డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు. వలిసె పూలు అయిపోవచ్చాయి, అక్కడక్కడ పసుపు మరకల్లా మిగిలాయి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరు జిల్లా కేంద్రం, రోడ్డు మీద బళ్లు పెరిగాయి.

చింతపల్లి అవతల ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. 1970ల నుంచి పనిచేస్తోంది. ఈ కొండలకు కాఫీ 1898లో తూర్పు గోదావరి వైపు పాములేరు లోయలో ఒక బ్రిటిష్ అధికారి చేతుల మీదుగా వచ్చింది. ఆ తర్వాత అటవీ శాఖ తోటలు, ఆపైన గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పోడు భూముల్లో గిరిజనులకు మొక్కలు ఇవ్వడం. ఈ రోజు రెండు లక్షలకు పైగా ఎకరాల్లో ఉంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నారుమడిలో చంద్రగిరి రకం మొక్కలు చూశాను. 2007లో విడుదలైన పొట్టి రకం, ఆకు తుప్పు తెగులును బాగా తట్టుకుంటుంది. తెగులు తట్టుకునే రకం మంచిదే, కానీ చెట్టు నిండా విరగకాసే రకానికి నీడ, ఎరువు, నీరు అన్నీ ఎక్కువ కావాలి. విత్తనం మారిస్తే వాతావరణం సమస్య తీరిపోతుందని అనుకునే వాళ్లు ఈ మడి నుంచి అప్ప తోట దాకా ఒకసారి నడిచి రావాలి. ఆ మొక్క వెళ్లి నిలబడేది పీచుతో కాండం రుద్దే మనిషి ఉన్న చోట అయితేనే బతుకుతుంది.

దారిలో తమ్ముడు సంఘాల గురించి చెప్పాడు. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో అరకు ప్రాంత చిన్న సన్నకారు గిరిజన రైతులు 2007లో పరస్పర సహాయ సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ రైతుల కాఫీ 2017లో ప్యారిస్‌లో సొంత పేరుతో అంగడి తెరిచేదాకా వెళ్లింది. ఇంకోవైపు 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ జీసీసీ కొనుగోళ్లు. ఫ్రాన్స్‌కు చెందిన లైవ్‌లీహుడ్స్ కార్బన్ ఫండ్ పెట్టుబడితో ఈ మండలాల్లో పండ్ల చెట్లు, నీడ చెట్లు లక్షల్లో నాటారు. మామిడి, పనస, జామ, సీతాఫలం, నిమ్మ. చెట్లు పీల్చుకున్న కర్బనం లెక్క పెట్టుబడి పెట్టిన కంపెనీలకు, పండు రైతుకు. ఈ ఏర్పాటులో నాకు నచ్చింది పండు. కాఫీ పోయిన ఏడాది కూడా ఇంట్లో తినడానికి, సంతలో అమ్మడానికి ఏదో ఒకటి ఉంటుంది.

రాత్రి తిరిగొచ్చేసరికి పది దాటింది. అప్ప రాజ్మా గింజల కూర పొయ్యి పక్కనే పెట్టి ఉంచింది.

అయిదో రోజు

వచ్చే వానాకాలానికి ఏ నీడ మొక్కలు కావాలో ఊరు తేల్చుకునే రోజు. ఇంతకుముందు మొక్కలు లారీలో వచ్చేవి, వచ్చినవే నాటేవాళ్లు. ఈసారి ముందు ఊరిని అడగాలని తమ్ముడి వాళ్లు అనుకున్నారు. పెద్ద చింతచెట్టు కింద గోనెలు పరిచారు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, పిల్ల పుస్తకంతో మధ్యలో.

ఒక కుర్రాడు లేచి సిల్వర్ ఓక్ చాలన్నాడు. మిరియాలకు అదే మేలు, ఇరవై ఏళ్లకు కలప. లెక్క తప్పు కాదు. మిరియం ఈ కొండల్లో కాఫీతో సమానంగా డబ్బులిస్తోంది. ఆడవాళ్ల పక్క నుంచి ఒక గొంతు: ‘కలప నువ్వు అమ్ముకుంటావు. ఏసవిలో గెడ్డ ఎండిపోతే నీళ్లు మేం మోస్తాం.’

అక్కడి నుంచి మాట నీళ్ల మీదికి మళ్లింది. ఏ ఊట మార్చిలో ఎండుతోంది, ఏ ఊట మే దాకా పారుతోంది. మే దాకా పారే ఊట పైన పాత చెట్లున్నాయని ఒకావిడ చెప్పింది. ఎండిపోయే ఊట పైన ఒకే రకం చెట్టు. దానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చని తమ్ముడు నెమ్మదిగా అన్నాడు: వాలు, రాయి, మట్టి. ఆవిడ ఒప్పుకుంది. ‘ఉండొచ్చు. కానీ ఆకు పడిన చోట నేల చెప్పులు లేకుండా నడిస్తే తెలుస్తాది, మెత్తగా ఉంటాది’ అంది. నేను అప్పటికి మూడు రోజులుగా ఆ నేల మీద బూట్లు వేసుకుని తిరుగుతున్నాను. చెప్పిన చోటికి వెళ్లి బూట్లు విప్పి నిలబడ్డాను. కుళ్లిన ఆకు కింద చల్లగా, తడిగా, దూదిలా ఉంది. పది అడుగులు దాటి సిల్వర్ ఓక్ వరసలోకి వెళ్తే ఎండుటాకు గరగరలాడింది, కింద నేల గట్టిగా తగిలింది.

నేను తిరిగొచ్చేసరికి కందకాల మాట నడుస్తోంది. వాలుకు అడ్డంగా, చెట్ల వరసల మధ్య మూరెడు లోతు తవ్వితే పరుగెత్తే వాన కాస్త ఆగుతుంది. ఎవరి తోటలో ఎన్ని తవ్వాలి, ఉపాధి హామీ పనిలో పెట్టించగలమా అని పెద్ద చర్చ. దాదాపు గంట. అది తేలలేదు. పంచాయతీలో అడగాలని వదిలేశారు.

మొక్కల జాబితా మాత్రం తేలింది. పిల్ల పుస్తకం వెనక పేజీలో రాసింది. పనస, అందరూ చేతులెత్తారు. నేరేడు, మామిడి. సిల్వర్ ఓక్ కూడా ఉండాలి, కానీ మూడు చెట్లకు ఒకటి చొప్పున, గాలి కొట్టే అంచున కాకుండా లోపల వరసల్లో. గాలి అంచున ఏం పెట్టాలన్నది తాతను అడిగారు. పాత చెట్ల పేర్లు నాలుగైదు చెప్పాడు, రెండు వాళ్ల భాషలో. అవి తెలుగులో ఎలా రాయాలో పిల్లకు తెలియలేదు, వినబడినట్టు రాసింది. ఆ మొక్కలు ఏ నర్సరీలోనూ దొరకవని తమ్ముడు అన్నాడు. విత్తనాలు మేమే ఏరి తెస్తాం, సంచులు మీరివ్వండి అన్నారు ఆడవాళ్లు. తమ్ముడు తన నోటుబుక్కులో సంచుల లెక్క రాసుకున్నాడు.

‘జీలుగు మర్చిపోనారు’ అన్నాడు తాత ఆఖర్న. కల్లు కోసమేనని ఆడవాళ్లు నవ్వారు. ‘కల్లుకే’ అన్నాడు తాత. ‘హుద్‌హుద్‌కి పడలేదు కూడా.’ జీలుగు కూడా రాశారు.

మూడింటికి జీపు. అప్ప ఒక చిన్న మూటలో దంచిన కాఫీపొడి, ఎండబెట్టిన రాజ్మా కట్టి ఇచ్చింది. పిల్ల పరుగెత్తుకొచ్చి పుస్తకం తెరిచింది. ఈ ఉదయం గడిలో సున్నా రాసి ఉంది. దాని పక్కన, పూత గడిలో, చిన్న అక్షరాలతో ఒక మాట: ‘బడి వెనక తోటలో మూడు చెట్లకు మొగ్గ లావైంది.’ డిసెంబర్‌లో. మొన్నటి ఆరు మిల్లీమీటర్లకే. రేపు పొద్దున మళ్లీ వెళ్లి లెక్కపెడతానని చెప్పింది.